పిట్ట ముట్టని విస్తరి

మూడొద్దుల నాడు మా బాపమ్మ విస్తరిని పిట్ట ముట్టలేదు.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజున, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, వాగు ఒడ్డున విస్తరిలో పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, అందరం దూరం జరిగి నిలబడతాం. కాకి దిగి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషి కడుపు నిండా తిన్నట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆ రోజు విస్తరిలో ఏమీ తక్కువ లేదు. నెయ్యి కారుతున్న పూర్ణం బచ్చాలు, పరమాన్నం, బోధన్ బజారుకు మా బాపు తెల్లారకముందే పోయి తెచ్చిన జిలేబీ, పక్కన కొత్త బెల్లం ముద్ద. ఎదురుగా తుమ్మచెట్టు మీద కాకులు కూడా ఉన్నాయి. అవి విస్తరి వైపు చూశాయి, మా వైపు చూశాయి, కొమ్మ మార్చుకొని కూర్చున్నాయి.

బాపు చేతులు జోడించి ముందుకు జరిగాడు. బాపమ్మ ఆయనను కన్నతల్లి. ఆయన ఆమెను అవ్వ అనే పిలిచేవాడు.

“అవ్వా, రావే. ఏం మనసుల వెట్టుకోకు. లచ్చవ్వను నేను మంచిగ అర్సుకుంట.”

లచ్చవ్వ అంటే ఆయన చెల్లె, మా మేనత్త. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే అందుకుంది. “నాకేమైందే అన్నా? నా కొడుకులు నన్ను మంచిగనే సూస్తున్నరు. ఆమెది నా ముచ్చట కాదు. పొలం అమ్మనని చెప్పు.”

“పొలం అమ్మనే అవ్వా.”

కాకి కదల్లేదు.

“గొంగడి అడిగింది గదా సలికాలంల...” అంది అత్త.

“గొంగడి నేను తెచ్చిచ్చిన. కప్పుకున్నది గూడ. అదెందుకు మల్ల నడుమల?”

ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాం. చివరికి వెంట వచ్చిన పెద్దమనిషి ఒకాయన “ఆవుకు పెట్టుండ్రి, దోషం లేదు” అంటే విస్తరి తీసి ఆవు ముందు పెట్టారు. ఆవు అన్నీ తిన్నది. బాపు మాత్రం ఆ పూట ముద్ద ముట్టలేదు. డెబ్బై దాటిన మనిషి, గోడకు ఒరిగి కూర్చొని “నా చేతి కూడు మా అవ్వకు పోలే” అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. పెద్దదినం నాడు, అంటే పెద్దకర్మ రోజున, మళ్లీ పెట్టాలి. అప్పుడు కూడా పిట్ట ముట్టకపోతే బాపు ఏమైపోతాడో అని నాకు భయం పట్టుకుంది. కాకి మీద నాకున్న నమ్మకం ఎంతో సరిగ్గా చెప్పలేను. బాపు నమ్మకం మాత్రం కళ్ల ముందే కనబడుతోంది.

నేను లెక్కల మనిషిని. పెద్ద చదువు చదవలేదు. నిజామాబాద్‌లో పెళ్లిళ్లకు వంట సామాను అంచనా కట్టి ఇవ్వడం నా పని. ఇంతమంది వస్తే బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అన్నది ఎవరూ నాకు నేర్పలేదు. భోజనాలయ్యాక విస్తళ్లు ఎత్తే చోట నిలబడి నేర్చుకున్నాను. మనుషులు అడిగి వేయించుకున్నదాన్ని బట్టి వాళ్ల ఇష్టం తెలియదు. మర్యాదకు అడుగుతారు, పక్కవాళ్లు వేయించుకున్నారని అడుగుతారు. విస్తరిలో ఏం వదిలారో, రెండోసారి ఏది వేయించుకున్నారో చూస్తే తెలుస్తుంది. మోర్తాడ్ దిక్కు చుట్టాలు ఎక్కువ ఉంటే కారం ఎంత పెంచాలో, ఎండాకాలం లగ్గానికి తీపి ఎంత తగ్గించాలో ఇప్పుడు కళ్లు మూసుకొని చెప్పగలను. ఇంతమంది నోళ్ల సంగతి తెలిసిన నాకు, నన్ను పెంచిన మనిషికి ఏమిష్టమో గట్టిగా చెప్పడం రాలేదు.

వాగు నుంచి తిరిగొస్తూ ముగ్గురం అదే మాట్లాడుకున్నాం. అవ్వకు బచ్చాలంటే పానం అని అత్త అంది. జిలేబీ అన్నాడు బాపు. నేను పరమాన్నం అన్నాను. ఇల్లు చేరి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది. బచ్చాలు ఇష్టపడేది అత్త. జిలేబీ అంటే పడిచచ్చేది బాపు. పరమాన్నం నాది. ఎవరి ఇష్టాన్ని వాళ్లం తీసుకుపోయి ఆమె విస్తరిలో పెట్టి వచ్చాం. మరి ఆమెది ఏది? పెద్దదినం దాకా నేను పనులకు పోలేదు. ఊళ్లోనే ఉండి, మనసులోనే చిన్నప్పటి ఇంటిని గది గది తిరిగాను.

మా ఊరు బోధన్‌కు కూతవేటు దూరం. నా చిన్నప్పుడు ఎటు చూసినా చెరుకే. ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు. చక్కెర ఫ్యాక్టరీ సైరన్‌తోనే లేవడం, తినడం, పడుకోవడం. పొద్దటి సైరన్ మోగేటప్పటికి బాపమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లి, ఎడ్లకు కుడితి పెట్టి, పొయ్యి ముందు కూర్చొని ఉండేది. పొయ్యిలోకి ఎండిన చెరుకు ఆకు. అది కట్టెలా నిలబడి కాలదు, భగ్గుమని లేచి చల్లారిపోతుంది, పక్కన కూర్చొని ఎగదోస్తూనే ఉండాలి. అందుకేనేమో బాపమ్మ కూర్చున్న చోట కూడా ఒక చెయ్యి ఎప్పుడూ ఆడుతూ ఉండేది. ఆమె చీరలో ఆ పొగ వాసన, దాని మీద కొంచెం పసుపు వాసన. చెరుకాకు అంచులు కోసిన గీతలకు రాసుకున్న పసుపు అది. గాలి మళ్లితే ఫ్యాక్టరీ మడ్డి వాసన ఊరంతా కమ్ముకునేది. చుట్టాలు వస్తే ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన ఉన్న సంగతే తెలిసేది కాదు. గానుగాట కాలం అయిపోయి వాసన ఆగిన రోజునే ఇల్లు ఏదో బోసిపోయినట్టు ఉండేది.

మా అమ్మ నాకు బుద్ధి తెలియకముందే పోయింది. తాత అంతకు ముందే పోయాడు. ఇంట్లో పెద్ద ఆడదిక్కు బాపమ్మ ఒక్కతే. పేరు నర్సవ్వ. సిరికొండ దిక్కు అడవి ఊళ్ల నుంచి చెరుకు ఊరికి కోడలుగా వచ్చింది. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. వచ్చిన చుట్టం రోజులకు రోజులు కదలకపోతే “మీ ఊరి బస్సు ఇంక నడుస్తున్నదా, బందు వెట్టిన్రా?” అని అందరి ముందే అడిగేది. నేను ప్రహరీ గోడ ఎక్కి ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. కూడికలు నాకు అట్లా వచ్చాయి. పొద్దుగూకి దిగి వస్తే “ఎన్ని పోయినయే?” అనేది. ఎంత చెప్పినా “గంతేనా?” అనేది. ఎక్కువ చెప్పినా గంతేనా, తక్కువ చెప్పినా గంతేనా. ఒకరోజు కోపం వచ్చి “అయితే నువ్వే లెక్కపెట్టుకో పో” అన్నాను. “నాకేం పని? నువ్వు గోడ మీదుంటే ఇంట్ల జర నిమ్మలంగుంటది” అంది.

ఇంత నోరున్న మనిషి తిండి దగ్గర మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఉప్పెక్కువైందని గానీ, ఇది వద్దని గానీ ఆమె నోట నేను వినలేదు. మా ఇంట్లో చాయ్ అంటే చిక్కటి పాలు, అందులో చెంచా నిలబడేంత బెల్లం. చెరుకు ఇంట్లో పల్చటి తీపి పెడితే ఊళ్లో పరువు పోయేది. బాపమ్మ తన గిలాస ఎత్తి, పొగలు పోతుండగానే గటగట ఒక్క గుక్కలో తాగి, నోరు పుక్కిలించి, పనిలోకి పోయేది. మా బాపమ్మకు నోరు కాలదని నేను దోస్తుల దగ్గర గొప్పలు చెప్పేదాన్ని. చెరుకు కొట్టడం మొదలయ్యాక కొంత మా ఇంటి కోసం ఆపుకొని పక్క చేన్లో గానుగ ఆడించేవాళ్లు. మొదటి వంట దిగగానే వెచ్చటి బెల్లం ముద్దను మోదుగాకులో పెట్టి బాపమ్మకు ఇచ్చేవాళ్లు. ఇంటి పెద్ద ఆడమనిషి నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్లు ముట్టాలి. అది మా ఇంటి ఆనవాయితీ. బాపమ్మ చిన్న ముక్క నోట్లో వేసుకొని కళ్లు గట్టిగా మూసుకునేది. దేవునికి మొక్కుతోందని అందరూ అనుకునేవాళ్లు. కళ్లు తెరిచాక మిగతా ముద్దంతా కొంగులో మూట కట్టి, ఇంటికి వచ్చి నా చేతిలో పెట్టేది. చీర దారపు పోగులు అంటుకున్న ఆ వెచ్చటి బెల్లం రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. అదే కొంగు ఇంకో కొసన ఎప్పుడూ దొడ్డుప్పు గడ్డ ఒకటి ఉండేది. మధ్యమధ్య దాన్ని తీసి నాలుకకు రాసుకునేది. అడిగితే “కడుపుబ్బరం” అనేది.

ఇక జిలేబీ. బాపు చెరుకు బండి కట్టి ఫ్యాక్టరీకి పోతే కాటా దగ్గర వంతు వచ్చేసరికి ఒక్కోసారి పగలంతా గడిచిపోయేది. తిరుగుదారిలో బోధన్ బజారులో జిలేబీ కట్టించుకొని వచ్చేవాడు. నూనె మరకల కాగితం పొట్లం, చుట్టూ సన్నటి దారం. బండి చప్పుడు వినగానే బాపమ్మ చేతిలో పని వదిలి దర్వాజా దాకా పోయేది. “తెచ్చినవా బిడ్డా” అని రెండు చేతులతో అందుకొని, ఆయన ముందే ఒక తుంట తుంచి నోట్లో పెట్టుకొని, “మంచిగున్నది” అని నవ్వేది. బాపు ఎడ్లను విప్పడానికి వెనక్కి పోగానే పొట్లం మా చేతుల్లోకి వచ్చేది. బండి పోయి సైకిల్ వచ్చినా, సైకిల్ పోయి మోపెడ్ వచ్చినా, ఫ్యాక్టరీ మూతపడి చెరుకు పోయినా బాపు పొట్లం మానలేదు. ఆమె మంచం పట్టే ముందు వారం కూడా తెచ్చాడు. ఆమె అప్పుడూ ఒక తుంట తుంచి, మంచిగున్నది అంది. ఇవన్నీ ఎన్నిసార్లు తలుచుకున్నా నా అనుమానం తేలలేదు. నా లెక్క విస్తరిలో వదిలేసినదాని మీద నడుస్తుంది. బాపమ్మ విస్తరి ఎప్పుడూ నాకినట్టు శుభ్రంగా ఉండేది.

పెద్దదినానికి పిలుపు చెప్పడానికి నేను బోధన్ పోయాను. పాత బజారులో ఖైరున్ ఖాలా ఉంటుంది. వాళ్లది గాజుల దుకాణం. ఆమెకూ బాపమ్మకూ ఎప్పటినుంచి దోస్తీయో మాకు తెలియదు. ఇంటిల్లిపాదీ ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అనే పిలిచేవాళ్లం. అంగడి రోజు బాపమ్మ నన్ను వెంట తీసుకుపోయి, దుకాణం గద్దె మీద గాజుల పెట్టెల మధ్య కూర్చోబెట్టి, చేతిలో మిఠాయి పెట్టి, తాను పరదా వెనుక వంటింట్లోకి పోయేది. చాలాసేపటికి బయటికి వచ్చేది. కళ్లు తడిగా, ముక్కు ఎర్రగా ఉండేది. ఇద్దరూ లోపల కష్టాలు చెప్పుకొని ఏడుస్తారని నేను అనుకునేదాన్ని. ఇంటికి పోయేదాకా ఆమెతో నెమ్మదిగా మాట్లాడేదాన్ని.

ఖాలా నవారు మంచం మీద కూర్చొని ఉంది. చూపు బాగా తగ్గింది. నా చెయ్యి పట్టుకొని, గాజులు తడిమి, “ఎవ్వరేసిన్రు ఇవి? వదులుగున్నయి” అంది. తర్వాత బాపమ్మ పోయిన తీరు అడిగింది. అన్నీ చెప్పాను. చివరికి పిట్ట ముట్టని సంగతి కూడా చెప్పాను.

“ఏం పెట్టిన్రు?”

“బచ్చాలు, పరమాన్నం, జిలేబీ, కొత్త బెల్లం.”

ఖాలా నా చెయ్యి వదిలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకొని దగ్గరికి జరిగాను. నవ్వుతోంది. నవ్వు దగ్గులోకి తిరిగి, నీళ్లు తాగించాల్సి వచ్చింది.

“తౌబా తౌబా. పోయిన మనిషి ముచ్చట, నవ్వద్దు గని... బేటీ, అన్ని తీపియేనా?”

“బాపమ్మకు ఇష్టమని...”

“ఎవ్వల్ చెప్పిన్రు నీకు? తీపి అంటే నర్సవ్వకు కడుపుల తిప్పేది. బతికున్నన్ని రోజులు బలిమికి మింగింది. ఇప్పుడు ఆమెను బలిమి చేసేటోళ్లు ఎవ్వలున్నరు? ఎందుకు ముడ్తది?”

“ఖాలా, నువ్వు ఇంకెవ్వల ముచ్చటనన్న అనుకుంటున్నవేమో.”

“నా కండ్లు పోయినయి, బుద్ధి పోలే. కూసో.”

ఆమె చెప్పింది విన్నాను. బాపమ్మ కొత్త కోడలుగా వచ్చిన ఏడు, గానుగ దగ్గర వెచ్చటి బెల్లం నోట్లో పెడితే అక్కడే కక్కేసిందట. చింతపండు, ఉప్పు, కారం తిని పెరిగిన అడవి దిక్కు పిల్ల. అత్తగారు ఆమె మూతి తుడిచి, పక్కకు తీసుకుపోయి, ఇంటి ఆడది తీపి వద్దంటే చెరుకుకు ఎర్ర రోగం తగులుతుందని చెప్పిందట. ఎర్ర రోగం అంటే ఏమిటో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైకి పచ్చగానే ఉన్న గడను చీలిస్తే లోపల రక్తంలా ఎర్రగా ఉంటుంది, పుల్లటి కల్లు వాసన కొడుతుంది. ఒక గడలో కనబడిందంటే ఆ చేను మీద ఆశ వదులుకోవలసిందే. ఆ రోజు నుంచి తిండి సంగతిలో బాపమ్మ మళ్లీ నోరెత్తలేదు.

“మరి నీకెట్ల చెప్పింది ఖాలా?”

“మా ఇంట్ల చెరుకు లేదు గద. గాజులకు ఏం రోగమొస్తది?” అని మళ్లీ నవ్వింది. “అంగడి నాడు వచ్చేది. పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఎల్లిపాయ, దొడ్డుప్పు ఏసి తొక్కు నూరేది. నా రోలు ఆమెనే అరగ్గొట్టింది. అంగట్ల మరాఠోళ్లు ఠేచా అంటరు సూడు, అదే. జొన్నరొట్టె మీద పెట్టుకొని తింటుంటే కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు. ‘ఇంగొక రొట్టె తే ఖైరున్’ అనేది. మీదికెల్లి పాలు లేని చాయ్, నిమ్మకాయ పిండి, చెక్కెరకు బదులు ఉప్పు. మా అత్త సూసి, ఈమెకు పిచ్చిగిట్ల లేసిందా అన్నది.”

ఇంకొక రొట్టె. రెండోసారి అడిగి వేయించుకున్నదన్న మాట. నా లెక్కకు కావలసిన సాక్ష్యం అంతకంటే వేరే లేదు.

“చెరుకు పోయి ఎన్నేండ్లాయె ఖాలా. ఇంక రోగం భయం లేదు గద. తర్వాతనన్న బాపుకు చెప్పొచ్చు గద?”

“నేను గిదే అన్న. ఇగ చెప్పరాదు నర్సవ్వా అని ఎన్నిసార్లు అన్ననో. ‘పిలగాడు పొట్లం పట్టుకొని ఉరికొస్తడే ఖైరున్. వాని మొకం సూస్తే ఏం చెప్పబుద్ధయితది’ అన్నది.” ఖాలా నవ్వు ఆపి మంచం నవారును చేత్తో సవరించింది. “పిలగాడంటే మీ బాపు.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా వరి, మక్క, సోయా. చెరుకు ఎక్కడో ఒక మడి. ఫ్యాక్టరీ చప్పుడు లేక ఎన్నేళ్లయిందో. చిన్నప్పటి జ్ఞాపకాలన్నీ ఒకటొకటిగా తిరగబడ్డాయి. ఆమె నోరు కాలక కాదు ఒక్క గుక్కలో చాయ్ తాగింది. మందు తాగినట్టు తాగేసింది. గానుగ దగ్గర కళ్లు మూసుకున్నది మొక్కడానికి కాదు. కొంగులో కట్టి తెచ్చిన ఆ వెచ్చటి బెల్లం దగ్గర మాత్రం నా మనసు ఆగిపోయింది. నా మీద ప్రేమతో దాచి తెచ్చిందని ఇన్నేళ్లు అనుకున్నాను. అందులో ప్రేమ ఎంత, వదిలించుకోవడం ఎంత? ఇంతమందికి పాళ్లు కట్టే నేను ఆ రెండింటినీ విడదీయలేకపోయాను. కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. బస్సు దిగేసరికి అది పోయింది. ఆమె విస్తరి ఎందుకంత శుభ్రంగా ఉండేదో అర్థమైంది. వదిలేయవలసినవన్నీ మా నోళ్లలో పెట్టి ఖాళీ చేసుకునేది.

ఇప్పుడు నేను కట్టే ప్రతి పెళ్లి అంచనాలో చక్కెర వేయని చాయ్‌కి వేరే కెటిల్ ఉంటుంది. కుర్రవాళ్లు కూడా గిలాసు అడ్డం పెట్టి “నాకు తీపి వద్దు” అంటారు. ఎవరూ తిరిగి చూడరు. ఎవరి చేనూ పాడవదు. ఇంటి నిండా పిండివంటలున్న రోజుల్లో ఆ రెండు మాటలు అనలేక ఒక మనిషి బతుకంతా తీపిని మింగింది. ఇప్పటి రోజులు అన్నిట్లో మెరుగని నేను అనను. ఈ ఒక్క విషయంలో మాత్రం మెరుగు.

ఇంటికి వచ్చేసరికి అత్త, బాపు గద్దె మీద కూర్చొని పెద్దదినానికి ఏమేం వండాలో మాట్లాడుకుంటున్నారు.

“తీపి తక్కువైంది అన్నా, నాకు ఎర్కే. ఈసారి బూరెలు, లడ్డూలు గూడ వెడదాం.”

“జిలేబీ చల్లారింది లచ్చవ్వా. ఈపాలి పొయ్యి మీదికెల్లి దించంగనే తెస్త.”

నేను వాళ్ల ముందు నిలబడ్డాను. బాపమ్మ తన కొడుకు మొహం చూసి చెప్పలేకపోయిన మాట అది. నేను చెప్పడానికి నాకేం హక్కు ఉంది? చెప్పకపోతే రేపు లడ్డూల కుప్ప ముందు బాపు మళ్లీ చేతులు జోడించి నిలబడతాడు. చెబితే ఇన్నేళ్ల పొట్లాలు ఒక్కసారిగా ఆయన మీద పడతాయి. ఏది బరువో తూచి చూశాను. తూకం తేలకుండానే నోరు తెరిచాను. ఖాలా చెప్పిందంతా చెప్పాను.

అత్త ముందు లేచింది. “గాజులమ్ముకునే ఆమెకు తెలుస్తదా, కన్నబిడ్డకు తెల్వదా? పుట్టినప్పటి సంది సూస్తున్న, మా అవ్వ బచ్చాలు ఇష్టంగ తింటది.”

“అత్తా, బాపమ్మ రెండో బచ్చం తినంగ ఎప్పుడన్న సూసినవా?”

అత్త నోరు తెరిచింది. ఆగింది. “రెండోది... రెండోది నాకే ఏసేది” అంది, కూర్చుండిపోయింది.

బాపు మెడ మీది తువ్వాల తీసి ఒళ్లో మడతపెట్టాడు.

“నేను పొట్లమిస్తే నవ్వేది గదా బిడ్డా.”

“నవ్వేది బాపు.”

“అయితే ఆ నవ్వు జిలేబీకి కాదన్నట్టు.”

తువ్వాల భుజాన వేసుకొని బర్రెల కొట్టం వైపు పోయాడు. అత్త నన్ను కోపంగా చూసింది. “చెప్పకపోదువు. ముసలోన్ని ఏడిపిస్తివి” అంది. నేను కొట్టం వైపు చెవి పెట్టి కూర్చున్నాను. కొట్టంలో నుంచి దగ్గు గానీ, బర్రెను అదిలించే మాట గానీ ఏమీ వినరాలేదు. పొద్దు వాలాక బాపు వచ్చి, కాళ్లు కడుక్కొని, నా పక్కన నిలబడ్డాడు.

“ఆ తొక్కుల ఎల్లిపాయలు ఎన్ని ఎయ్యాల్నట?”

పెద్దదినం నాడు పొద్దున్నే ఖాలాను ఆటోలో పిలిపించాం. బాపు ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తానే నిప్పులు లాగి, మిరపకాయలు కాల్చాడు. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గు. పిలుపుకు వచ్చిన చుట్టాలు వాకిట్లోకి పరుగెత్తారు. నూరాక కొంచెం తీసి ఖాలా చేతిలో పెట్టాడు. ఆమె నాలుకకు తగిలించుకొని, “ఉప్పు తక్కువ. నర్సవ్వయితే మొకం మీద కొట్టేది” అంది. బాపు ఉప్పు వేసి మళ్లీ నూరాడు. జొన్నరొట్టె మాత్రం అత్త చేసింది. చేస్తున్నంతసేపు ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. పొగకో మరి దేనికో అడగలేదు.

వాగు ఒడ్డున విస్తరి పరిచి రొట్టె, తొక్కు పెట్టాం. మట్టి ముంతలో ఉప్పు వేసిన నిమ్మకాయ చాయ్ పోశాం. కర్మ చేయించే అయ్యగారు విస్తరి చూసి, మమ్మల్ని చూశాడు.

“ఇదేంది, తీపి లేకుంట? ఇంటి పెద్దవ్వకు పెట్టే విస్తరి. ఉన్నంతల బెల్లమన్న జర పెట్టుండ్రి.”

చుట్టాలు గుసగుసలాడారు. ఎవరో బెల్లం కోసం సంచిలో వెతకడం మొదలుపెట్టారు. బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మా అవ్వకు తీపి పడది అయ్యగారు.”

అందరికీ వినబడేలా అన్నాడు. ఆ ఊళ్లో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. తర్వాత విస్తరి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఇగ పెట్టనే అవ్వా. నీ మీద ఒట్టు.”

దూరం జరిగి నిలబడ్డాం. కాసేపటికి ఒక కాకి దిగింది. అటూ ఇటూ నడిచింది. రొట్టె అంచు పొడిచి, ముక్క నోట కరుచుకొని లేచింది. దాని వెనుక ఇంకొకటి. అత్త పెద్దగా ఏడ్చేసింది. ఖాలా చూపు ఆనక “ముట్టిందా? ముట్టిందా?” అని నా చెయ్యి గుంజింది. ముట్టింది ఖాలా అన్నాను. జొన్నరొట్టె ఏ కాకికైనా రుచేనని, నెయ్యి, పాకం ఎండలో జిగటవుతాయని నా బుర్ర దాని మానాన అది చెబుతూనే ఉంది. నేను దాని మాట వినదలచుకోలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు పందిట్లో భోజనాలు. బాపు ఆ రోజు తిన్నాడు. తిన్నాక వరుసల మధ్య తిరుగుతూ అందరినీ విచారించాడు. చివరి వరుసలో మోర్తాడ్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన విస్తరి అంతా వెతికి తల ఎత్తాడు.

“ఏం మామా, పెద్దదినం నాడు బచ్చాలు లేవా?”

బాపు ఆయన ముందు నెమ్మదిగా కింద కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, తీరిగ్గా, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

“మా అవ్వకు తీపి పడది అల్లుడా. ఆమెది సిరికొండ దిక్కు...”